యూరిన్ సమస్యలున్న అమ్మాయిలకు ఏ గర్భనిరోధకం నప్పుతుంది? మాత్ర, ఇంజెక్షన్, లూప్, జెల్ పక్కపక్కన పెట్టి చూద్దాం

గర్భం రాకుండా మాత్రలు మొదలుపెట్టిన కొన్నాళ్లకి యూరిన్‌లో మంటో, మాటిమాటికీ వెళ్లాల్సి రావడమో, తుమ్మితే రెండు చుక్కలు పడటమో మొదలైందంటే అనుమానం నేరుగా మాత్ర మీదికే పోతుంది. హార్మోన్లు కదా, లోపల ఏదో చెడగొట్టి ఉంటాయి అనిపిస్తుంది. ఆ టెన్షన్‌లో మాత్ర మానేసి, హార్మోన్లు లేనిది ఏదైనా ఉందా అని వెతుక్కుంటూ వీర్యకణాలను చంపే జెల్ దగ్గరికో, అది పూసిన కండోమ్ దగ్గరికో చేరేవాళ్లున్నారు. నాకు బాధ కలిగేది సరిగ్గా ఇక్కడే. యువతుల్లో యూరిన్ ఇన్ఫెక్షన్లు పెంచుతుందని గట్టిగా రుజువైన గర్భనిరోధకం ఏదైనా ఉందంటే అది ఆ జెల్లే. మంట తగ్గాలని పారిపోయి మంట పెట్టేదాని దగ్గరికే చేరుతున్నారు.

కాబట్టి ఎంచుకునే ముందు రెండు విషయాలు విడివిడిగా చూడాలి. మీకున్నది ఏ రకం యూరిన్ సమస్య, ఆ సమస్య మీద ఏ పద్ధతి ఎలా పనిచేస్తుంది. మొదటిది తేలకుండా రెండోదాని గురించి ఎంత చదివినా గందరగోళమే మిగులుతుంది.

ముందు సమస్య ఏదో తేల్చుకోండి

బ్లాడర్ ప్రాబ్లం అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో వేర్వేరు సంగతులున్నాయి. హఠాత్తుగా ఒకటి రెండు రోజుల్లో మొదలై, పోసేటప్పుడు మంట, కొంచెం కొంచెంగా రావడం, పొత్తికడుపులో నొప్పి, ఒక్కోసారి రక్తం కనిపించడం ఉంటే అది ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. దగ్గినా, తుమ్మినా, గెంతినా, బరువెత్తినా కారితే అది మూత్రనాళాన్ని మూసి ఉంచే కండరాల బలహీనత. ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర వచ్చి టాయిలెట్‌కి పరుగెత్తాల్సి వస్తుంటే అది బ్లాడర్ అతిగా స్పందించడం. బ్లాడర్ నిండేకొద్దీ నొప్పి పెరిగి, ఖాళీ చేశాక తగ్గి, నెలల తరబడి ఇలాగే ఉంటూ కల్చర్ టెస్ట్‌లో మాత్రం ఏ బ్యాక్టీరియా కనిపించకపోతే అది బ్లాడర్ నొప్పి సమస్య. దీన్ని ఇన్ఫెక్షన్ అనుకుని కోర్సు మీద కోర్సు యాంటీబయాటిక్స్ మింగేవాళ్లు ఎంతమందో.

ఇంకొకటి ఉంది, చాలామంది పట్టించుకోరు. మంట లోపల పుడుతోందా, లేక యూరిన్ బయటి చర్మానికి తగిలినప్పుడు పుడుతోందా అని కొంచెం గమనించండి. బయట మండుతుంటే అది ఈస్ట్ ఇన్ఫెక్షన్ కావచ్చు, యోని ద్వారం దగ్గరి చర్మం సున్నితంగా మారడం కావచ్చు, బ్లాడర్‌కి దానితో సంబంధమే ఉండకపోవచ్చు. క్లమీడియా లాంటి సుఖవ్యాధి కూడా అచ్చం యూరిన్ ఇన్ఫెక్షన్ లాగే మంట పెడుతుంది. కొత్త భాగస్వామి ఉంటే ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇన్ఫెక్షన్ అనే డౌట్ ఉంటే, ముఖ్యంగా అది మళ్లీ మళ్లీ వస్తుంటే, యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే కల్చర్‌కి యూరిన్ ఇవ్వండి. మొదట వచ్చే ధారను వదిలేసి మధ్యలోది సీసాలో పట్టాలి. మందు పడ్డాక ఇస్తే బ్యాక్టీరియా కనిపించకపోవచ్చు, అప్పుడు అసలు అది ఇన్ఫెక్షనేనా కాదా అన్నది ఎప్పటికీ తేలదు.

తొందర, మాటిమాటికీ వెళ్లడం ఉన్నవాళ్లు మూడు రోజులు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి చాలు. రాత ఇలా ఉంటుంది: ఉదయం 6:30, 400 మి.లీ., మామూలుగా. 7:15, కాఫీ ఒక కప్పు. 8:05, 120 మి.లీ., ఆపుకోలేనంత తొందర. 8:50, 90 మి.లీ., మళ్లీ తొందర. 11:30, నీళ్లు రెండు గ్లాసులు. 1:40, 280 మి.లీ., మామూలుగా. ఈ పేజీ చూడగానే ఒక సంగతి అర్థమవుతుంది. నిద్ర లేవగానే 400 పట్టిన బ్లాడర్‌లో చోటుకి లోటు లేదు, తొందర కాఫీ తర్వాతే వస్తోంది. మాత్ర మార్చేముందు కాఫీ మార్చి చూడాల్సిన మనిషి ఈమె. సాధారణంగా పెద్దవాళ్ల బ్లాడర్ 300 నుంచి 500 మి.లీ. దాకా పట్టుకుంటుంది, పగలు ఏడెనిమిది సార్లు వెళ్లడం మామూలే.

హార్మోన్లకీ బ్లాడర్‌కీ సంబంధం ఉంది, కానీ లెక్క అంత సూటిగా లేదు

మూత్రనాళం, యోని కింది భాగం పిండ దశలో ఒకే కణజాలం నుంచి ఏర్పడతాయి. అందుకే రెండిట్లోనూ ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ని అందుకునే గ్రాహకాలుంటాయి, బ్లాడర్‌లోనూ, కటి కండరాల్లోనూ ఉంటాయి. ప్రొజెస్టెరాన్ అనే ఇంకో స్త్రీ హార్మోన్ ఏమో మెత్తటి కండరాలను వదులు చేస్తుంది. కాబట్టి హార్మోన్ మారితే యూరిన్ విషయంలో తేడా తెలియడం మీ భ్రమ ఏమీ కాదు. నెలసరికి ముందు రోజుల్లో తొందర, బ్లాడర్ నొప్పి పెరిగే స్త్రీలు చాలామంది ఉన్నారు.

అయితే ఈస్ట్రోజెన్ తగ్గితే బ్లాడర్ పాడవుతుంది, పెంచితే బాగవుతుంది అని సూత్రం చేసుకుంటే దారి తప్పుతాం. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో యోనిలో పెట్టే ఈస్ట్రోజెన్ క్రీమ్ మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్లను బాగా తగ్గించిందని 1993లోనే ఒక ట్రయల్ చూపించింది. అదే వయసు వాళ్లకి ఈస్ట్రోజెన్‌ని నోటి ద్వారా ఇస్తే యూరిన్ కారడం పెరిగిందని 2005లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఒకే హార్మోన్, ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి ఫలితం తిరగబడింది. పైగా ఇదంతా యాభై దాటినవాళ్ల సంగతి. అండాశయాలు చక్కగా పనిచేస్తున్న పాతికేళ్ల అమ్మాయికి ఆ ఫలితాలు తెచ్చి అంటించడం సరికాదు, అయినా ఇంటర్నెట్‌లో చాలాచోట్ల జరిగేది అదే.

పాత అధ్యయనాల విషయంలో మరో జాగ్రత్త. 1960లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి గర్భనిరోధక మాత్రలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు ఉండేది. ఇప్పుడు వాడే చాలా మాత్రల్లో 20 నుంచి 35. నలభై యాభై ఏళ్ల కిందటి మాత్ర మీద రాసిన భయాలు ఇవాళ్టి మాత్రకి వర్తిస్తాయని అనుకోకండి.

ఇన్ఫెక్షన్లు మీ సమస్య అయితే

ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. పేగుల్లో ఉండే ఈకోలై బ్యాక్టీరియా యోని ద్వారం దగ్గర స్థిరపడి ఆ కాస్త దూరం ఎక్కితే బ్లాడర్‌లోకి వచ్చేసినట్టే, సెక్స్ సమయంలో ఆ ఎక్కడం ఇంకా సులువవుతుంది. మామూలుగా యోనిలో ఉండే లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తూ ఈకోలైని అక్కడ నిలవనివ్వదు. స్పెర్మిసైడ్ (వీర్యకణాలను చంపే మందు) జెల్‌లలో ఎక్కువగా వాడే నొనాక్సినాల్-9 అనే మందు ఆ మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది, ఈకోలై మాత్రం దాన్ని తట్టుకుని నిలబడుతుంది. కాపలా పోయి దొంగ మిగిలినట్టు.

1996లో వచ్చిన ఒక అధ్యయనంలో 796 మంది యువతులను నెలల పాటు గమనించారు. వాళ్లలో ఇన్ఫెక్షన్‌కి బలమైన కారణాలుగా తేలినవి ఇటీవలి సెక్స్, స్పెర్మిసైడ్‌తో కలిపి డయాఫ్రమ్ (యోని లోపల, గర్భాశయ ముఖద్వారానికి అడ్డంగా పెట్టుకునే మెత్తటి మూత) వాడటం, గతంలో మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్లు వచ్చి ఉండటం. ఆ జాబితాలో హార్మోన్ మాత్ర లేదు. డయాఫ్రమ్‌ది ఇంకో ఇబ్బంది కూడా, దాని అంచు ముందువైపు మూత్రనాళం మీద నొక్కుతుంది, దాంతో బ్లాడర్ పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు.

మరి మాత్ర మొదలుపెట్టాకే ఇన్ఫెక్షన్ వచ్చింది కదా అంటే, మాత్ర మొదలుపెట్టే రోజుల్లో జీవితంలో ఇంకేం మారిందో ఆలోచించండి. కొత్తగా పెళ్లవడమో, కొత్త బంధమో, సెక్స్ ఎక్కువవడమో తరచుగా అదే సమయంలో జరుగుతాయి. నేరం చేసింది ఒకటి, దొరికింది ఇంకొకటి. మాత్ర మానేసినా సెక్స్ అలాగే ఉంటుంది కాబట్టి ఇన్ఫెక్షన్లూ అలాగే వస్తాయి, ఇక గర్భం వస్తుందేమోనన్న భయం అదనం.

కండోమ్ కావాలనుకునేవాళ్లు కండోమే వాడుకోండి, సుఖవ్యాధుల నుంచి కాపాడే సాధనాల్లో దానికి సాటి లేదు. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి చాలు. స్పెర్మిసైడ్ అని గానీ, నొనాక్సినాల్-9 అని గానీ ఉంటే అది పక్కన పెట్టి మామూలు లూబ్రికెంట్ ఉన్నది తీసుకోండి. ఈ ఒక్క మార్పుతో మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గినవాళ్లు ఉంటారు, ఖర్చూ లేదు, డాక్టరూ అక్కర్లేదు.

2020లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త రకం జెల్ ఒకటుంది. లాక్టిక్ ఆమ్లం, సిట్రిక్ ఆమ్లం, పొటాషియం బైటార్ట్రేట్ కలిపి చేస్తారు. నొనాక్సినాల్ లేదు, హార్మోన్ లేదు, సహజ ఆమ్లాలే కదా అని ఆకర్షణగా ఉంటుంది. కానీ తరచూ యూరిన్ ఇన్ఫెక్షన్లు వచ్చేవాళ్లు దీన్ని వాడొద్దని దాని లేబుల్ మీదే హెచ్చరిక ఉంది. సహజం అన్న మాట చూసి కొనేముందు లేబుల్ చదవాలి.

ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్ కింద లెక్కిస్తారు. అలాంటివాళ్లకి నేను చెప్పే క్రమం ఇది: స్పెర్మిసైడ్ ఏ రూపంలో ఉన్నా మానేయడం, నీళ్లు పెంచడం, అప్పటికీ తగ్గకపోతే సెక్స్ తర్వాత ఒక డోసు యాంటీబయాటిక్ లాంటి మార్గాల గురించి డాక్టర్‌తో మాట్లాడటం. హార్మోన్ పద్ధతి మార్చడం వీటన్నిటి తర్వాతి సంగతి. నీళ్ల మాట తేలిగ్గా తీసేయకండి. 2018లో ఒక ట్రయల్‌లో రోజుకి లీటరున్నర కంటే తక్కువ తాగే స్త్రీలను ఇంకో లీటరున్నర అదనంగా తాగమంటే, వాళ్లకి ఏడాదిలో సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది, ఎప్పటిలాగే తాగినవాళ్లకి 3.2 సార్లు వచ్చింది.

కారడం మీ సమస్య అయితే

ఇక్కడ హార్మోన్ మాత్ర గురించి పరిశోధకులే ఒక మాట మీద లేరు. 2009లో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. అమెరికా నర్సుల మీద చేసిన దానిలో మాత్ర వాడినవాళ్లలో కారడం కాస్త ఎక్కువగా కనిపించింది, స్వీడన్‌లో కవలల మీద చేసిన దానిలో తక్కువగా కనిపించింది. రెండూ గమనించి రాసుకున్న లెక్కలే, ఎవరికి ఏ పద్ధతి అన్నది లాటరీ తీసి పంచిన ట్రయల్స్ కావు. ప్రభావం నిజంగా పెద్దదైతే రెండూ ఒకే వైపు చూపించి ఉండేవి కదా. అందుకే కారడం ఒక్కదాని కోసం బాగా నప్పుతున్న మాత్రను మానేయడం నాకు సబబుగా అనిపించదు.

అంతకంటే పెద్ద విషయాలు వేరే ఉన్నాయి. గెంతే ఆటలు, బరువులెత్తే వ్యాయామాలు చేసే అమ్మాయిల్లో, కాన్పు కాకపోయినా, కారడం మామూలుగా కనిపిస్తుంది. ఎవరూ బయటికి చెప్పుకోరు కాబట్టి తమకొక్కరికే అనుకుంటారు. కటి కండరాల వ్యాయామం దీనికి మొదటి మందు. యూరిన్ ఆపుకుంటున్నట్టు కండరాన్ని లోపలికి, పైకి లాగి పట్టి వదలడం. ఒక విడతకి కనీసం 8 సార్లు, రోజుకి మూడు విడతలు, మూడు నెలలు. రెండు వారాలు చేసి ఫలితం లేదని వదిలేయకండి, కండరం బలపడటానికి ఆ మాత్రం టైం కావాలి.

రెండోది బరువు. 2009లోనే వచ్చిన ఒక ట్రయల్‌లో, అధిక బరువున్న, 30 ఏళ్లు నిండిన స్త్రీలు ఆరు నెలల్లో సగటున 8 శాతం బరువు తగ్గితే వారానికి కారే సార్లు 47 శాతం తగ్గాయి, పెద్దగా బరువు తగ్గనివాళ్లలో 28 శాతమే తగ్గాయి. గర్భనిరోధకాల పోలికలోకి బరువు ఎందుకు వచ్చిందంటే, మూడు నెలలకోసారి వేసే మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్ కోసం. హార్మోన్ పద్ధతుల్లో బరువు పెరుగుదలతో స్పష్టంగా ముడిపడింది ఇదే, మొదటి ఏడాదిలో సగటున రెండున్నర కిలోల దాకా. అందరికీ పెరగదు. కానీ మొదటి ఆరు నెలల్లో 5 శాతం కంటే ఎక్కువ పెరిగినవాళ్లకి ఆ తర్వాతా పెరుగుతూ పోయే అవకాశం ఎక్కువ. ఇప్పటికే కారడం ఉండి, బరువూ ఎక్కువున్న అమ్మాయికి ఈ ఇంజెక్షన్‌ని నేను మొదటి వరసలో పెట్టను.

ఇంజెక్షన్‌తో ఇంకో చిక్కు, ఒకసారి వేశాక తీసేయడం కుదరదు. మాత్ర నచ్చకపోతే రేపే ఆపొచ్చు, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ గానీ లూప్ గానీ తీయించుకోవచ్చు. ఇంజెక్షన్ మాత్రం కనీసం మూడు నెలలు ఒంట్లో ఉంటుంది, మళ్లీ గర్భం నిలవడానికి నెలల తరబడి పట్టొచ్చు. హార్మోన్ మీ బ్లాడర్‌కి పడుతుందో లేదో ఇంకా తెలియని దశలో వెనక్కి తీసుకోగలిగే పద్ధతితో మొదలుపెట్టడం మేలు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోలేనివాళ్లకి, ఎవరికీ తెలియకుండా వాడుకోవాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్లకి ఇంజెక్షన్ ఎంత ఆసరానో నాకు తెలుసు. వాళ్లు బరువు చూసుకుంటూ నిశ్చింతగా వాడుకోవచ్చు.

తొందర, మాటిమాటికీ వెళ్లడం అయితే

కాఫీ, కూల్ డ్రింకులు, మలబద్ధకం, ముందు జాగ్రత్త అంటూ పదే పదే వెళ్లే అలవాటు, వీటిని దాటాకే హార్మోన్ దాకా రావాలి. మాత్రల్లో ఒక్క రకం గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. డ్రోస్పిరెనోన్ అనే ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ లాగా పనిచేసే కృత్రిమ హార్మోన్) ఉన్నవి. దీని నిర్మాణం స్పైరోనోలాక్టోన్ అనే, యూరిన్ ఎక్కువ చేసే మందుకి దగ్గరగా ఉంటుంది. మామూలు మాత్రలో ఉండే 3 మిల్లీగ్రాములు ఆ మందు 25 మిల్లీగ్రాములకి సమానంగా పనిచేస్తాయని లెక్క. ఒంట్లో నీరు చేరే గుణం తగ్గించడం కోసమే చాలామందికి ఇది రాస్తారు, మొటిమలకీ రాస్తారు. మాత్ర మార్చిన వారంలోనే మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంటే, మంట ఏమీ లేకపోతే, స్ట్రిప్ మీద ఈ పేరు ఉందేమో చూసుకోండి. లెవోనోర్‌జెస్ట్రెల్ లాంటి వేరే ప్రొజెస్టిన్ ఉన్న మాత్రకి మారడం గురించి డాక్టర్‌ని అడగొచ్చు. ఇది పొటాషియం కూడా పెంచగలదు కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్లకి పనికిరాదు, యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ట్రైమెథోప్రిమ్ రాసినప్పుడు ఈ మాత్ర వాడుతున్నట్టు డాక్టర్‌కి చెప్పాలి, ఎందుకంటే అది కూడా పొటాషియం పెంచే మందే.

ఇంకో మాట. మాత్రలు మధ్యలో మర్చిపోయి, ఆ తర్వాత మాటిమాటికీ యూరిన్ వస్తుంటే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి.

నొప్పి అయితే

అన్నిటికంటే నలిగిపోయేది ఈ స్త్రీలే. ఏడాదుల తరబడి టెస్టులన్నీ నార్మల్ అని చెప్పించుకుంటూ తిరుగుతారు. నొప్పి నెలసరితో పాటు వచ్చి పోతుందా అన్నది ఇక్కడ కీలకం. నెలసరి రోజుల్లోనే యూరిన్ పోసేటప్పుడు నొప్పి, అప్పుడప్పుడు రక్తం, మిగతా రోజుల్లో ఏమీ లేకపోవడం ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం బయట పెరగడం) బ్లాడర్ దాకా పాకిందేమో చూడాలి. అరుదే గానీ ఉంటుంది, మూత్ర వ్యవస్థలో ఎండోమెట్రియోసిస్ ఎక్కువగా కనిపించే చోటు బ్లాడరే. అలాంటివాళ్లకి హార్మోన్ గర్భనిరోధకం సమస్య కానే కాదు, అదే చికిత్స. కంబైన్డ్ మాత్రను (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ ఉన్నది) వారం విరామం లేకుండా వరసగా వాడి నెలసరి రాకుండా చేయడం, లేదా ప్రొజెస్టిన్ ఇవ్వడం. ఇదే జబ్బుకి రాసే డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల మాత్రకి మాత్రం గర్భనిరోధకంగా అనుమతి లేదు, దాన్ని నమ్ముకుని కండోమ్ వదిలేయకండి. హార్మోన్ లూప్ నెలసరి నొప్పి బాగా తగ్గిస్తుంది గానీ చాలామందిలో అండం విడుదలను ఆపదు, కాబట్టి బ్లాడర్ మీద ఉన్న గడ్డ విషయంలో అదొక్కటే చాలుతుందో లేదో డాక్టర్ చూసి చెప్పాలి.

నొప్పి బయట, ద్వారం దగ్గర ఉంటే లెక్క తిరగబడుతుంది. కంబైన్డ్ మాత్ర కాలేయంలో ఒక ప్రొటీన్‌ని పెంచుతుంది, అది రక్తంలో స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టెరాన్‌ని పట్టేసుకుంటుంది. మూత్రనాళం తెరుచుకునే చోటి సున్నితమైన పొరకి ఆ హార్మోన్ కూడా కావాలి. అందువల్ల కొందరిలో ఆ పొర పలచబడి, తాకితే మండుతుందని, యూరిన్ తగిలినా మండుతుందని ఈ రంగంలో పనిచేసే కొందరు నిపుణులు భావిస్తారు, అందరూ ఒప్పుకోరు. మాత్ర మొదలుపెట్టాక నెలల్లో సెక్స్ బాధగా మారి, కల్చర్‌లు శుభ్రంగా వస్తూ, బయటే మంట ఉంటే మాత్రం హార్మోన్ లూప్‌కో కాపర్ టీకో మారి చూడటం సమంజసం. ఈస్ట్రోజెన్ ఉన్న, యోనిలో పెట్టుకునే రింగ్‌కో చర్మం మీద అంటించుకునే ప్యాచ్‌కో మారితే ఉపయోగం తక్కువ, అదే ప్రొటీన్ వాటితోనూ పెరుగుతుంది.

లూప్, ఇంప్లాంట్, మినీపిల్ గురించి కొంచెం

లూప్ దారాలు యూరిన్ దారిలోకి వస్తాయని భయపడతారు. రావు. అవి యోనిలో, గర్భాశయ ముఖద్వారం దగ్గర ఉంటాయి, మూత్రనాళం వేరే దారి. కాపర్ టీతో నెలసరి రక్తం, నొప్పి పెరుగుతాయి, ఇప్పటికే నెలసరి రోజుల్లో పొత్తికడుపు బరువుగా ఉండి బ్లాడర్ మీద ఒత్తిడి తెలిసేవాళ్లకి అది ఇబ్బందే. హార్మోన్ లూప్ ఆ రెండిటినీ తగ్గిస్తుంది, రోజుకి సుమారు 20 మైక్రోగ్రాముల లెవోనోర్‌జెస్ట్రెల్‌తో మొదలై ఎక్కువగా గర్భాశయంలోనే పనిచేస్తుంది. లూప్ గర్భాశయ గోడను చీల్చుకుపోవడం వెయ్యి మందిలో ఒకరిద్దరికి జరుగుతుంది, అందులోనూ బ్లాడర్‌లోకి పోవడం మరీ అరుదు. కానీ లూప్ వేయించుకున్నాక యూరిన్ మంట, రక్తం తగ్గకుండా ఉండి, దారాలు చేతికి తగలకపోతే స్కాన్ చేయమని గట్టిగా అడగండి.

చేతిలో పెట్టే ఇంప్లాంట్ కనీసం మూడేళ్లు పనిచేస్తుంది, దాని ప్రధాన ఇబ్బంది బ్లాడర్ కాదు, ఎప్పుడు పడితే అప్పుడు రక్తపు మరకలు కనిపించడం. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే మినీపిల్ ఈస్ట్రోజెన్ పడనివాళ్లకి మంచిది. పాత రకమైతే మూడు గంటలు ఆలస్యమైనా చాలు రక్షణ తగ్గుతుంది, డెసోజెస్ట్రెల్ రకంలో 12 గంటల వెసులుబాటు ఉంది.

బ్లాడర్‌ని చూస్తూ అసలు పనిని మర్చిపోకూడదు. మామూలుగా అందరూ వాడే తీరులో వాడితే, ఏడాదిలో వంద మందికి గర్భం వచ్చేది ఇంప్లాంట్, రెండు రకాల లూప్‌లతో ఒకరికంటే తక్కువమందికి, ఇంజెక్షన్‌తో సుమారు నలుగురికి, మాత్ర, ప్యాచ్, రింగ్‌తో ఏడుగురికి, కండోమ్‌తో 13 మందికి, డయాఫ్రమ్‌తో 17 మందికి, జెల్ ఒక్కటే వాడితే 21 మందికి. బ్లాడర్‌కి చెడ్డవి, గర్భం ఆపడంలో బలహీనమైనవి ఈ జాబితాలో ఒకేచోట ఉండటం చూడండి.

ఒక్కొక్కరికి నేనైతే ఏమంటాను

తరచూ ఇన్ఫెక్షన్లు వచ్చే, పిల్లలు కొన్నేళ్ల దాకా వద్దనుకునే అమ్మాయికి హార్మోన్ లూప్ లేదా ఇంప్లాంట్, దానితో పాటు అవసరమైతే మామూలు కండోమ్. మాత్ర నప్పుతున్నవాళ్లు మాత్రే కొనసాగించొచ్చు. వ్యాయామంలో కారేవాళ్లకి ఏ పద్ధతైనా సరే, ఇంజెక్షన్ చివర్లో. నెలసరితో బ్లాడర్ నొప్పి వచ్చేవాళ్లకి వరసగా వాడే మాత్ర ముందు, కాపర్ టీ చివర్లో. బయట మంట ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్ లేనివి ముందు. ఆరా ఉన్న మైగ్రేన్ (తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు లాంటివి కనిపించేది), గతంలో రక్తం గడ్డకట్టడం, అధిక రక్తపోటు, 35 దాటి పొగ తాగడం ఉంటే కంబైన్డ్ మాత్ర, ప్యాచ్, రింగ్ మూడూ పక్కకి పోతాయి, బ్లాడర్ ఎలా ఉన్నా సరే.

యూరిన్ ఇన్ఫెక్షన్‌కి వాడే నైట్రోఫ్యురాంటోయిన్, ఫోస్ఫోమైసిన్ లాంటి మందులు మాత్ర శక్తిని తగ్గిస్తాయన్న భయం అక్కర్లేదు. అలా తగ్గించే యాంటీబయాటిక్స్ రిఫాంపిసిన్, రిఫాబ్యూటిన్, అవి ఎక్కువగా వాడేది టీబీకి. అయితే మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకో మాత్ర వేసుకోవాలి.

జ్వరం, చలి, వణుకు, నడుముకి ఒక పక్క నొప్పి, వాంతులు వస్తే అది కిడ్నీ దాకా పోయినట్టు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. యూరిన్ అసలు రాకపోయినా, గర్భంతో ఉండి మంట వచ్చినా అంతే. కంబైన్డ్ మాత్ర వాడుతూ ఒక కాలు వాచి నొప్పి పుడితే, ఊపిరాడకపోతే, ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆగొద్దు.

మారాలని నిర్ణయించుకుంటే ఒకసారి ఒక్కటే మార్చండి. మాత్ర మార్చి, అదే వారం కాఫీ మానేసి, కండోమ్ బ్రాండ్ కూడా మారిస్తే దేని వల్ల తగ్గిందో తెలియదు. కొత్త హార్మోన్ పద్ధతికి మూడు నెలలు గడువిచ్చి, మళ్లీ మూడు రోజుల రాత రాసి పాతదానితో పోల్చండి. మధ్యలో ఖాళీ మాత్రం ఉండకూడదు. ఇంజెక్షన్ నుంచి మారేవాళ్లు తర్వాతి డోసు తేదీ రాకముందే కొత్తది మొదలుపెట్టాలి. ఇంప్లాంట్ లేదా హార్మోన్ లూప్ తీయించుకుని మాత్రకి మారేవాళ్లు కనీసం ఏడు రోజుల ముందే మాత్ర మొదలుపెట్టి అప్పుడు తీయించుకుంటే మంచిది, ఎందుకంటే అవి తీసేసిన వెంటనే గర్భం వచ్చే అవకాశం తిరిగి వస్తుంది.